ఒక వీలాన్ మాత్రమే రెండో స్విచ్ దాటడం లేదు

ప్రశ్న: ప్యాకెట్ ట్రేసర్‌లో (నెట్‌వర్క్‌లను కంప్యూటర్‌లోనే అనుకరించి నేర్చుకునే సాఫ్ట్‌వేర్) రెండు స్విచ్‌లు, ఒక రౌటర్‌తో సాధన చేస్తున్నాను. వీలాన్ 10లోని (వీలాన్ అంటే అవే స్విచ్‌లపై విడిగా నడిచే నెట్‌వర్క్ విభాగం) కంప్యూటర్లు ఏ స్విచ్‌కు కలిపినా పనిచేస్తున్నాయి గానీ, రెండో స్విచ్‌కు కలిపిన వీలాన్ 20 కంప్యూటర్లు తమ గేట్‌వేను (బయటి నెట్‌వర్క్‌లకు దారి ఇచ్చే రౌటర్ చిరునామా) కూడా చేరలేకపోతున్నాయి. అంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టాలా?

జవాబు: దయచేసి చెరపకండి, ఎందుకంటే నేర్చుకోవలసినదంతా ఆ తప్పులోనే ఉంది. వీలాన్ 10 నడుస్తోంది కనుక కేబుల్‌ను గానీ, ట్రంక్ (పలు వీలాన్లను మోసే స్విచ్‌ల మధ్య లింకు) ఏర్పడిందా అని గానీ అనుమానించనక్కరలేదు. రెండో స్విచ్‌లో ‘షో వీలాన్ బ్రీఫ్’ ఇచ్చి వీలాన్ 20 ఉందో లేదో చూసి, తర్వాత రెండు స్విచ్‌లలోనూ ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’ ఇచ్చి ట్రంక్‌పై అనుమతించిన వీలాన్ల జాబితాను పోల్చండి. జాబితాకు సంఖ్యను చేర్చేటప్పుడు ‘యాడ్’ అనే పదం తప్పనిసరి. అది లేకపోతే పాత జాబితా పోయి కొత్త సంఖ్య ఒక్కటే మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు: రెండో స్విచ్ జాబితాలో 10 మాత్రమే ఉంది. 20ని చేర్చగానే గేట్‌వే దొరికింది, ధన్యవాదాలు. అయితే వీలాన్ 10లోని కంప్యూటర్‌కు పంపిన మొదటి పింగ్ (అవతలి యంత్రం చేరువలో ఉందో లేదో చూసే పరీక్షా సందేశం) మాత్రం విఫలమైంది.

మరొక జవాబు: అది లోపం కాదు. గమ్యస్థానపు మ్యాక్ చిరునామాను (నెట్‌వర్క్ కార్డు చిరునామా) రౌటర్ ఏఆర్‌పీ (ఐపీ చిరునామాకు తగిన మ్యాక్‌ను అడిగి తెలుసుకునే పద్ధతి) ద్వారా తెలుసుకునే లోపు ఆ మొదటి ప్యాకెట్ పోతుంది. ఇప్పుడు రౌటర్ సబ్ ఇంటర్‌ఫేస్‌లో (ఒక్కో వీలాన్ కోసం రౌటర్ పోర్టులో చేసే ఉపభాగం) వీలాన్ సంఖ్యను కావాలనే తప్పుగా ఇచ్చి, లక్షణాలు ఎలా మారుతాయో గమనించండి.