క్లాసులో చూపు లేని అబ్బాయి ఉన్నాడు, గ్రాఫులు ఎలా చెప్పాలి?

ఎకనామిక్స్ మేడమ్:
నమస్కారం అండీ. డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియం బి.ఏ. వాళ్లకి ఎకనామిక్స్ చెప్తాను. ఈ ఏడాది ఫస్టియర్‌లో చూపు అస్సలు లేని అబ్బాయి చేరాడు, నాకిదే మొదటిసారి. మొన్న డిమాండ్ రేఖ గీసి "ధర ఇక్కడి నుంచి ఇక్కడికి దిగితే కొనేది ఇలా పెరుగుతుంది" అని చేత్తో చూపించాను, క్లాసంతా తలూపింది, ఆ అబ్బాయి మాత్రం నా గొంతు వచ్చే వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. అప్పుడు తట్టింది నాకు, అతనికి అందింది "ఇక్కడ, ఇలా" అంతేనని. అడిగితే "పర్లేదు మేడమ్, ఫ్రెండ్‌ని అడుగుతా" అన్నాడు. వాట్సాప్‌లో పెట్టిన నోట్సు పీడీఎఫ్ కూడా అతని ఫోన్ చదవట్లేదట. పది రోజుల్లో మిడ్స్. స్క్రైబ్ (అతను చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) సంగతి, అదనపు టైం సంగతి ఆఫీసులో అడిగితే "మిడ్స్‌కి మీ ఇష్టం" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

బ్యాంకు గుమాస్తా:
మేడమ్, నాకూ చూపు లేదు. బి.ఏ. చేసి ఇప్పుడు బ్యాంకులో పని చేస్తున్నా. "పర్లేదు మేడమ్" అన్నాడు చూశారా, మూడేళ్లూ నేనూ అదే అన్నా. అందరి ముందు అడిగితే ఎవరైనా అదే అంటారు, విడిగా కూర్చోబెట్టి అడగండి. బ్రెయిలీ వచ్చా, ఫోన్‌లో విని చదువుతాడా, చూపు పుట్టుకతోనే లేదా మధ్యలో పోయిందా, ఇవి తెలిస్తే సగం పని అయినట్టే.

పీడీఎఫ్ గురించి. బహుశా అది అను ఫాంట్స్‌లో టైపు చేయించింది అయ్యుంటుంది. మీ కంటికి తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి పిచ్చి గుర్తులు, తెర మీది రాతని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు, ఫోన్‌లో టాక్‌బ్యాకైనా కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అయినా, ఆ గుర్తులనే చదువుతాయి, వింటే తల తిరుగుతుంది. స్కాన్ చేసిందైతే అదీ లేదు, అది వట్టి ఫొటో. యూనికోడ్ తెలుగులో, అంటే ఏ ఫోనైనా తెలుగు అక్షరాలుగానే గుర్తుపట్టే రాతలో, వర్డ్ ఫైలు ఇవ్వండి చాలు. స్కాన్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే చాలావరకు అక్షరాలుగా మారుతుంది, కానీ ఒత్తులు తప్పుతాయి, ఎవరో ఒకరు సరిచూడాలి.

బోర్డు మీద ఏం రాస్తున్నా పైకి చదువుతూ రాయండి. "ధర 10 ఉన్నప్పుడు 40 కిలోలు, 8కి దిగితే 55" అంటే నాకు బొమ్మ అక్కర్లేదు.

రిటైర్డ్ లెక్చరర్:
నేనైతే అట్ట ముక్క మీద ఫెవికాల్‌తో దారాలు అతికించేవాణ్ణి. డిమాండ్‌కి పురికొస, సప్లైకి ఊలు, రెండూ కలిసేచోట ఒక కందిగింజ. మా స్టూడెంట్ ఒకమ్మాయి వేలు గింజ దగ్గర ఆగగానే "ఇదేనా సార్ సమతౌల్య ధర" అంది. ఖర్చు ఏమీ కాదు, కాకపోతే ముందురోజు రాత్రే అతికించాలి, ఆరాలి కదా.

పరీక్షల విషయానికొస్తే కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకి కనీసం 20 నిమిషాలు అదనం అని ఉంది. మీ మిడ్ గంటన్నర అయితే అరగంట ఇవ్వండి. అవి మిడ్స్‌కి వర్తిస్తాయా లేదా అని ఆఫీసుతో వాదన పెట్టుకోకండి, యూనివర్సిటీ పరీక్షలో ఎలాగూ ఇచ్చేదే కదా. విద్యార్థే స్క్రైబ్‌ని తెచ్చుకుంటే వాళ్ల చదువు ఒక మెట్టు కింద ఉండాలని ఆ 2018 మార్గదర్శకాల్లో ఉండేది, అందుకని ఇంటర్ పిల్లల్ని చూడండి. ముఖ్యంగా తెలుగు తప్పుల్లేకుండా రాసేవాళ్లని, ఎందుకంటే స్క్రైబ్ అక్షర దోషాలకి మార్కులు పోయేది మనవాడికే. ఒకసారి ముందే ఇద్దర్నీ కూర్చోబెట్టి పాత పేపరు రాయించండి.

ఇంకోటి, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ లేకపోతే స్క్రైబ్‌ని ఇవ్వకూడదనే మాట కూడా వినిపిస్తుంటుంది. చెయ్యి కొంకర్లు పోయే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు.

సిలబస్ బాధితుడు:
అంతా బానే ఉంది కానీ ఒక్కరి కోసం ఇంత నెమ్మదిగా చెప్తే మిగతా 60 మంది సిలబస్ ఎప్పుడవుతుంది?

చెవిటి తమ్ముడి అక్క:
చదువుతూ రాస్తే టైం ఎక్కడ పెరుగుతుంది సార్? మా తమ్ముడికి వినపడదు, పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. వాళ్ల సార్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఆ గంట వాడికి సెలవు కిందే లెక్క. రాయడం అయ్యాక ఇటు తిరిగి మాట్లాడమని నేనే వెళ్లి అడిగా. చూపు లేనివాళ్లకి రాస్తూ చెప్పాలి, వీళ్లకి రాశాక చెప్పాలి. అందుకే ముందు పిల్లల్ని అడగమనేది.

ఎకనామిక్స్ మేడమ్:
అందరికీ థాంక్స్. ఇవాళ స్టాఫ్‌రూమ్‌లో విడిగా అడిగాను. ఏడో తరగతి దాకా చూపు ఉండేదట, గ్రాఫ్ అంటే ఏంటో తెలుసు, అంకెలు చెప్తే చాలన్నాడు. అతని అసలు ఇబ్బంది నేను ఊహించనే లేదు. రూమ్ మారినప్పుడు తలుపు మీద కాగితం అంటించి వెళ్తున్నాం కదా, రెండుసార్లు ఖాళీ గదిలో గంటసేపు కూర్చున్నాడట. ఆ కాగితం ఒకటి నేను రాసిందే. ఇకనుంచి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతానని చెప్పాను.

బ్యాంకు గుమాస్తా గారూ, నా నోట్సు అను ఫాంట్సేనట, డీటీపీ అబ్బాయిని అడిగా. 140 పేజీలు ఉంది. యూనికోడ్‌కి మార్చడానికి మీరు ఏ కన్వర్టర్ వాడతారు?