పులికాట్ బురదలో మందు వెతకడం దండగా?

అలిపిరి మెట్టు: తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, చివరి ఏడాది. పులికాట్ ఉప్పునీటి సరస్సు నుంచి బురద తెచ్చి, యాంటీబయాటిక్ తయారుచేసే బ్యాక్టీరియా అందులో ఉందేమో చూద్దామని ప్రాజెక్టు అనుకున్నా. మా సీనియర్ ఒక్క మాటతో తీసిపారేశాడు: "తియ్యాల్సినవన్నీ ఎప్పుడో తీసేశారు, ఇంకా ఏముందని?" మీరేమంటారు?

కోనేటిగట్టు: ఆయన మాట కరెక్టు తమ్ముడూ. నేనూ ఇదే పని చేశాను. సూళ్లూరుపేటలో థర్మోకోల్ పెట్టెతో బస్సెక్కితే, శ్రీకాళహస్తి వచ్చేసరికి కుళ్లిన కోడిగుడ్ల వాసన. కండక్టర్ పెట్టెతో సహా నన్నూ దిగమన్నాడు. అంత పరువు పోగొట్టుకుని తెచ్చి, అగర్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) ప్లేట్ల మీద వేసి మూడు వారాలు కాపలా కాస్తే, ఒక కాలనీ (బ్యాక్టీరియా గుంపు) చుట్టూ అగర్‌లోకి పసుపురంగు దిగింది. పక్కన గీసిన స్టెఫైలోకాకస్ అనే జబ్బు బ్యాక్టీరియా దాని దరిదాపుల్లోకి రాలేదు. ఎగిరి గంతేశాను. పరీక్షకి పంపితే తేలింది ఆక్టినోమైసిన్! 1940లోనే మట్టి బ్యాక్టీరియా నుంచి తీసిన సరుకు. నాది కూడా కాళంగి నది వరదలో కొట్టుకొచ్చిన నేల బ్యాక్టీరియానే అయ్యుంటుంది.

ఉప్పుగాలి: మీకు నేల బ్యాక్టీరియా దొరికిందని సముద్రాన్ని కొట్టిపారేస్తే ఎలా సార్? బహామాస్ దగ్గర సముద్రం అడుగునుంచి తీసిన సాలినిస్పోరా అనే బ్యాక్టీరియా ఉంది చూడండి, ఉప్పునీళ్లు లేకపోతే పెరగనే పెరగదు. నారింజరంగు కాలనీ, ముదిరేకొద్దీ నల్లబడుతుంది. అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో ఫెనికల్, జెన్సెన్ బృందం దాన్నుంచి తీసిన సాలినోస్పోరమైడ్-ఎ అనే అణువు గురించి 2003లో ప్రకటించింది. నాకు అందులో ముచ్చటేసేది క్లోరిన్. సముద్రపు ఉప్పులోని క్లోరైడ్‌నే ఓ ఎంజైముతో పట్టి అణువుకి తగిలించుకుంటుంది. కణంలో పాత ప్రొటీన్లను తుక్కు చేసే ప్రోటియాజోమ్‌కి ఆ అణువు అతుక్కున్నాక క్లోరిన్ ఊడిపోతుంది. గొళ్లెం బిగిసినట్టే, ఇక విడిపోదు. తుక్కు పేరుకుని క్యాన్సర్ కణం చస్తుంది. దీని చుట్టం లాక్టాసిస్టిన్ స్ట్రెప్టోమైసిస్ అనే నేల బ్యాక్టీరియాలో ఉంది, కానీ దానికి ఈ క్లోరిన్ లేదు.

కోనేటిగట్టు: కథ బాగుంది మేడం. మందయ్యిందా మరి? మారిజోమిబ్ పేరుతో మెదడు క్యాన్సర్ మీద మూడో దశ ప్రయోగాల దాకా వెళ్లి, రోగుల ఆయుష్షు పెంచలేక ఆగింది.

ఉప్పుగాలి: అది ఆ జబ్బు మీద పనిచెయ్యలేదు, నిజమే. బురదలో కొత్త అణువులు లేవనడానికి అది సాక్ష్యం కాదు.

మామిడితోట చిత్తూరు: నాది మెడికల్ షాపు, సామీ. కౌంటరు అవతల నుంచి రోజూ వినేది చెప్తా: "జలుబన్నా, పోయినసారి ఇచ్చినావే అజిత్రో, రెండు మాత్రలు ఇయ్యి." అది యాంటీబయాటిక్, డాక్టరు చీటీ ఏదంటే పక్క షాపుకి పోతారు. కొత్తది తెచ్చినా ఇట్లే మొద్దుబారుస్తాం. పోనీ జాగ్రత్తగా దాచుకుని వాడితే, తయారుచేసినోడికి గిట్టుబాటు కాదు. అకావోజెన్ అనే అమెరికా కంపెనీ 2018 జూన్‌లో ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కి అనుమతి తెచ్చుకుని, 2019 ఏప్రిల్‌కి దివాలా తీసింది. మీ బురద గొడవ దాని ముందు ఎంత!

జన్యుపిచ్చి: నా ఓటు సీనియర్‌కే, కారణం వేరు. 2007లో సాలినిస్పోరా జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) చదివితే, దాదాపు పదో వంతు ఇలాంటి రసాయనాల తయారీకే ఉందని తేలింది. ప్లేట్ మీద మనకి కనిపించేవి కొన్నే, మిగతా జన్యువులు నిద్రలో ఉంటాయి. 2014లో ఒక సముద్ర బ్యాక్టీరియాలో నిద్రపోతున్న జన్యువుల ముక్కని స్ట్రెప్టోమైసిస్‌లో పెట్టి టారోమైసిన్ అనే యాంటీబయాటిక్ పుట్టించారు. కొత్త బురద ఎందుకు? మీ డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్‌లో సీనియర్ల కల్చర్లు మూలుగుతుంటాయి.

ఉప్పుగాలి: ఆ సముద్ర బ్యాక్టీరియాని కూడా ఎవరో ఒకరు బురదలోంచే తీశారు మరి! అలిపిరీ, చెయ్యాలనుకుంటే ఇలా చెయ్యి. శాంపిల్‌ని 55 డిగ్రీల దగ్గర 6 నిమిషాలు వేడిచెయ్యి, త్వరగా పెరిగి ప్లేటంతా కమ్మేసేవి చాలావరకు చస్తాయి. నీకు కావాల్సినవాటి స్పోర్లు, అంటే గట్టి విత్తనాల్లాంటి కణాలు, తట్టుకుంటాయి. అగర్ సముద్రపు నీళ్లతో కలుపు. వచ్చిన ప్రతి కాలనీని మంచినీళ్ల అగర్ మీద కూడా గీసి చూడు. అక్కడ పెరగనిదే నీది, దాచుకో. పెరిగితే కాళంగి మట్టి అనుకో. ఇంకోటి, పులికాట్ పక్షుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా పిడికెడు బురద కూడా తియ్యకు.

అలిపిరి మెట్టు: అనుమతికి అర్జీ పెట్టాను అక్కా. ఈలోగా జన్యుపిచ్చి గారు చెప్పారని ఫ్రీజర్ తెరిచాను. సగం గొట్టాల మీద మార్కర్ రాత చెరిగిపోయింది. ఒకదాని మీద మాత్రం "పులికాట్, పసుపు" అని ఉంది. కోనేటిగట్టు అన్నా, ఇది మీదేనా?