చర్చి పత్రికకు భక్తి చాలలేదట, వారపత్రికకు ఎక్కువైందట. ఇక నా కథ ఎవరిలా రాయాలి?

తొడిమ (గుంటూరు)

అందరికీ వందనాలు. బ్రాడీపేటలో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను, రాత్రిళ్లు కథలు రాస్తాను. లూథరన్ ఇంట్లో పుట్టాను కాబట్టి నా కథల్లో మనుషులు ఆదివారం గుడికెళ్తారు, సెమీ క్రిస్మస్ చందాల దగ్గర పోట్లాడుకుంటారు, పాస్టరు అయ్యగారు భోజనానికొస్తే అప్పు చేసైనా కోడిని కోస్తారు. నాకు తెలిసిన లోకం అదే.

పోయిన ఏడాది ఒక కథ రాశాను. మిరపకాయ తొడిమలు తీసే కూలికి వెళ్లే ఆవిడ కథ. భర్త తాగుతాడు. పదేళ్లుగా ప్రతి ఉపవాస కూడికలో అతని కోసం ప్రార్థన చేయిస్తుంది, అతను మారడు. చివర్లో ఆవిడ బల్ల దగ్గర మోకరించి రొట్టె కోసం చేతులు చాపితే ఆ చేతులు ఇంకా మండుతూనే ఉంటాయి. అక్కడ ఆపేశాను. ఒక క్రైస్తవ మాసపత్రిక వేసుకుంది. సంతోషంగా కాపీ తెరిస్తే చివరి ఏడు లైన్లు నావి కావు! భర్త వెనక వరసలోంచి ఏడ్చుకుంటూ వచ్చి మోకాళ్ల మీద పడ్డాడు, సంఘమంతా హల్లెలూయ అంది. అంతా నా పేరు మీదే.

ఇంకో కథ మామూలు వారపత్రికకు పంపాను. "బాగుందమ్మా, ఆ ప్రార్థన పేరా ఒక్కటి తీసేయండి, మతప్రచారంలా ఉంది" అన్నారు. కళ్లంలో కాయ తడుస్తుందని ఒక ముసలమ్మ దేవుణ్ణి అడుక్కోవడం ప్రచారం ఎలా అవుతుందో నాకర్థం కాలేదు. ఆ పేరా ఇదీ: "పరలోకమందున్న తండ్రీ, ఈ వర్షమును నిలుపుము. ఏలయనగా మా పంట కళ్లములో నున్నది."

ఇప్పుడు పెన్ను పట్టుకుంటే ఆ ఇద్దరూ చెరో పక్క కూర్చున్నట్టుంటోంది. మా అమ్మేమో "మనోళ్ల గుట్టు ఊళ్లో పెడితే సంఘంలో తలెత్తుకోవాలా వద్దా" అంటుంది. ఇలాంటి చోట నిలబడి రాసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత సండేస్కూల్ మాస్టారు (విజయవాడ)

అమ్మా, ముప్పై ఏళ్లు పిల్లలకు బైబిలు కథలు చెప్పినవాణ్ణి, ఆ అనుభవంతో చెబుతున్నా. తప్పిపోయిన కుమారుడి కథ చెప్పినప్పుడల్లా ఎవడో ఒకడు లేచి "సార్, మరి పెద్దోడు లోపలికొచ్చాడా?" అని అడిగేవాడు. లూకా 15 చూడు, తిరిగొచ్చిన తమ్ముడికి విందు చేశారని అలిగి బయటే నిలబడ్డ పెద్దోణ్ణి తండ్రి వచ్చి బతిమాలాడు, మాట చెప్పాడు, కథ ఆగిపోయింది. పెద్దోడు వచ్చాడో రాలేదో యేసు ప్రభువే చెప్పలేదు. యోనా గ్రంథమైతే ఏకంగా ప్రశ్న మీద ఆగుతుంది, ఆ నీనెవెలో లక్షా ఇరవై వేలమందికి పైగా జనం, బోలెడన్ని పశువులు ఉంటే నేను జాలిపడొద్దా అని. యోనా ఏం జవాబిచ్చాడో లేదు. 88వ కీర్తన చీకటి అనే మాటతో ముగుస్తుంది, ఎస్తేరు గ్రంథంలో దేవుడి పేరే రాదు. ఇవన్నీ ఆ ఎడిటరు గారి దగ్గరికెళ్తే ఎన్ని లైన్లు కలిపేవారో అనిపించి నవ్వొచ్చింది. మంట చేతుల దగ్గర ఆపడంలో తప్పేం లేదు తల్లీ.

కూడిక బ్రదర్ (మంగళగిరి)

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. నేను కాస్త అడ్డం మాట్లాడతాను, ఏమనుకోవద్దు. ఆ పత్రిక చందా కట్టేది ఎవరు? మీ కథలో ఆవిడలాంటివాళ్లే. ఇంట్లో రోజూ తన్నులు తింటూ నెలకోసారి కాస్త ధైర్యం కోసం ఆ పేజీ తిప్పుతారు. ఆమెకు "నీ మొగుడు మారడు" అని చెప్పి పంపేస్తామా? మారిన మొగుళ్లు లేరా? మా నాన్నే మారాడు, ఆ సాక్ష్యం నేను వందసార్లు చెప్పాను. చెప్పకుండా లైన్లు కలపడం మాత్రం తప్పే. ఇకమీద కథతో పాటు ఉత్తరంలో "మార్పులుంటే అచ్చుకు ముందు నాకు చూపించండి" అని ఒక ముక్క రాయండి. ఒప్పుకోకపోతే పంపకండి.

ప్రూఫులు దిద్దేవాడు (ఏలూరు రోడ్డు)

బ్రదర్, మీ నాన్నగారిది సాక్ష్యం, ఆవిడ రాసింది కథ. మీది జరిగింది కాబట్టి బలం. జరగనిది జరిగినట్టు అంటిస్తే ఆ చేతులు మండే ఆడమనిషికే ముందు తెలిసిపోతుంది, ఆవిడ ఇంటికెళ్లి చూసుకుంటుంది కదా.

ఇక అక్కా, నేను హిందువుని, ఇరవై ఏళ్లుగా ఇక్కడ ప్రూఫులు చూస్తున్నా. ఆ వారపత్రికాయన అన్నది తప్పే, కానీ ఆయనకు ఎక్కడో ఏదో గుచ్చుకుంది, పేరు తప్పు పెట్టాడు. గుచ్చుకుంది ఆ ఏలయనగా! లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరులో దిగింది 1842లో, ఇంకా మన కథల్లో ముసలమ్మలు దొరలనాటి తెలుగులోనే ప్రార్థన చేస్తున్నారు. గుళ్లో బైబిలు చదివేటప్పుడు ఆ భాషకు ఒక అందం ఉంది, కాదనను. కానీ కళ్లంలో టార్పాలిన్ పట్టుకుని తడుస్తూ "నిలుపుము" అంటుందా? మీ అమ్మమ్మ ఏమనేదో గుర్తు తెచ్చుకోండి.

ఇంకోటి. మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం గురించి ఎవరైనా రాస్తే తోరం అంటే ఏంటో బ్రాకెట్లో పెట్టరు. మీవాళ్లు మాత్రం బల్ల అంటే ఇదీ, కూడిక అంటే ఇదీ అని ప్రతిదానికీ వివరణ ఇస్తారు, బయటివాడికి క్షమాపణ చెబుతున్నట్టు. అక్కడే పాఠం వాసన వస్తుంది. తెలియనివాళ్లం మేమే పట్టుకుంటాం, అంత అమాయకులం కాదు.

మీ వైపు మనిషే జాషువా. వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టి, గబ్బిలం కావ్యంలో అంటరానివాడి బాధ కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. అదే చేత్తో క్రీస్తు చరిత్ర రాస్తే 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రెండిట్లోనూ పద్యం ఆయనదే.

కూడిక బ్రదర్ (మంగళగిరి)

జాషువా గారి పేరు తెస్తే నేనేం మాట్లాడతాను అన్నా. సరే. కానీ సిస్టర్, ఆ కథలో భర్తను ఉత్త తాగుబోతుగా వదిలేయకండి. తాగేవాడు కూడా ఒక్కోసారి గుడి బయట స్కూటర్ మీద కూర్చుని పాట వింటాడు. మా నాన్న అలా కూర్చునేవాడు, మారకముందు చాలా ఏళ్లు.

తొడిమ (గుంటూరు)

బ్రదర్, ఆ స్కూటర్ నేను తీసుకోవచ్చా? లోపలికి మాత్రం రాడు, ముందే చెబుతున్నా.

మాస్టారూ, పెద్దోడి సంగతి ఇన్నిసార్లు చదివి కూడా నేను గమనించలేదు. ప్రూఫులన్నా, మీరు రాసింది చదివి మొదట కోపమొచ్చింది, తర్వాత అమ్మను అడిగాను, అమ్మమ్మ ఎలా ప్రార్థన చేసేదని. గుట్టు అన్న మనిషే కూర్చుని అనుకరించి చూపించింది, కళ్లు మూసుకుని, కొంగు నెత్తిన వేసుకుని. విన్నది విన్నట్టు రాసుకున్నా:

"నాయనా, ఒక్క రెండ్రోజులు ఆపయ్యా. కాయ ఎత్తిందాకా. ఆ తర్వాత కురిపించుకో, నీ ఇష్టం."

వారపత్రికకు రేపు మళ్లీ పంపుతున్నా, ఆ పేరా ఉంచే.