గెస్ట్ డ్రైవర్‌లో ఫ్రీజ్, రీస్టోర్ రాయాలా? హోస్ట్ ఉండగా మనకెందుకీ గోల?

రింగ్‌బఫర్_రాజు:
మా టీమ్ ఓ వర్టియో డ్రైవర్ రాస్తోంది, అంటే హోస్ట్ మెషీన్ చూపించే వర్చువల్ డివైస్‌ని గెస్ట్ (వీఎం, అంటే వర్చువల్ మెషీన్) లోపల నడిపేది. మెషీన్ పడుకునేముందు డివైస్‌ని ఆపే ఫ్రీజ్, లేచాక తిరిగి నడిపే రీస్టోర్ లేవని రివ్యూలో ఆపేశారు. హోస్ట్ మీద వర్ష్ మేనేజ్డ్‌సేవ్ కమాండ్ కొడితే మెమరీ, డివైస్ స్టేట్ అన్నీ ఫైల్లోకి పోతాయి, గెస్ట్‌కి తెలియనే తెలియదు. ఇక గెస్ట్ లోపల హైబర్నేట్ (ర్యామ్‌ని డిస్క్‌లో దాచి ఆగిపోవడం) ఎవరిక్కావాలి? దండగ పని.

సుజాత_ఎస్4:
హోస్ట్ మీదైతే సరే రాజు గారూ. క్లౌడ్‌లో వర్ష్ మీ చేతికి ఎవరిస్తారు? 2018లో అమెజాన్ క్లౌడ్ ఈసీ2లో వచ్చిన హైబర్నేట్ జరిగేది గెస్ట్ లోపలే, కెర్నలే ర్యామ్‌ని రూట్ ఈబీఎస్ డిస్క్‌లో రాసుకుంటుంది. గూగుల్ క్లౌడ్‌లో సస్పెండ్ కొడితే గెస్ట్‌కి ఏసీపీఐ ఎస్3 (ర్యామ్ అలాగే ఉంచి నిద్రపో అనే) సిగ్నల్ వెళ్తుంది. రెండు చోట్లా పని మీ డ్రైవర్ మీదే పడుతుంది.

హైబర్నేట్ నుంచి లేచేటప్పుడు ముందు ఓ కొత్త కెర్నల్ బూట్ అవుతుంది. అది డిస్క్ నుంచి ఇమేజ్ (దాచిన ర్యామ్ కాపీ) చదివి, తన డివైస్‌లను ఫ్రీజ్ చేసి, పాత కెర్నల్‌లోకి దూకుతుంది. వర్టియో కోర్ అప్పుడు డివైస్‌ని రీసెట్ చేసి ఫీచర్లు మళ్లీ మాట్లాడుకుంటుంది. డివైస్‌కి రిక్వెస్టులు వెళ్లే క్యూలు కట్టాల్సింది మాత్రం మీ రీస్టోరే. అది లేకపోతే డివైస్ 'రెడీ' అంటుంది, క్యూ ఉండదు, రిక్వెస్ట్ అలా వేలాడుతుంది.

పాతసర్వర్:
మా దగ్గర ఎస్3, ఎస్4 (హైబర్నేట్) రెండూ ఆఫ్. వీఎంలు తయారుచేసే వర్ట్-మేనేజర్ కూడా కొత్త వీఎంకి ఆఫ్ చేసే ఇస్తుంది. హాయిగా ఉన్నాం.

రింగ్‌బఫర్_రాజు:
అదీ మాట. హోస్ట్ ఫోల్డర్‌ని గెస్ట్‌కి చూపించే వర్టియో-ఎఫ్ఎస్ డ్రైవర్ ఫ్రీజ్ చూశారా? 'సస్పెండ్ ఇంకా సపోర్ట్ లేదు' అని వార్నింగ్ వేసి ఎర్రర్ తిప్పి పంపుతుంది. మెయిన్‌లైన్ (అసలు లినక్స్ కెర్నల్) వాళ్లకు చెల్లింది, మాకు చెల్లదా?

సుజాత_ఎస్4:
తెరిచి ఉన్న ఫైళ్ల లెక్క హోస్ట్‌లో వెనకాల నడిచే డీమన్ ప్రోగ్రాం దగ్గర ఉంటుంది. దాన్ని గెస్ట్ ఒక్కటే తిరిగి కట్టలేదు. మీ డివైస్‌కి అలాంటిదేముంది? పైగా ఒక్క డ్రైవర్ ఎర్రర్ ఇస్తే మొత్తం మెషీన్ హైబర్నేట్ ఆగిపోతుంది. వాళ్లది నిజాయితీ, మీది బద్ధకం.

బాబు_కేవీఎం:
వీఎం లేచాక గడియారం వెనకపడటం గురించి ఎవరూ మాట్లాడరేం?

రింగ్‌బఫర్_రాజు:
బాబూ, దానికి వేరే త్రెడ్ పెట్టు.

బద్ధకమా మేడమ్? వర్టియో-బ్లాక్ (డిస్క్ డ్రైవర్) చరిత్ర చదవండి. క్యూలు తీసేసేలోపు రిక్వెస్టులేవీ మిగలకూడదని 2024లో బ్లాక్ క్యూని ఫ్రీజ్ చేసే ప్యాచ్ పెట్టారు. సస్పెండ్ అయ్యేంతవరకూ క్యూ అలా బిగిసిపోయి ఉంటే డెడ్‌లాక్ (ఒకదాని కోసం ఒకటి కదలకుండా ఆగిపోవడం) రావచ్చని తేలింది. రిక్వెస్టులు ఖాళీ అయ్యాక ఫ్రీజ్ తీసేసేలా ఆ ఏడాదే మళ్లీ మార్చారు. తలపండినవాళ్ల పరిస్థితే అది.

సుజాత_ఎస్4:
అందుకని అసలు రాయకూడదా? నా పాత ఉద్యోగంలో ఒక వెండార్ డ్రైవర్ ఫ్రీజ్‌లో ఏమీ చేయకుండా సున్నా (అంటే 'అంతా ఓకే') తిప్పి పంపేది. సోమవారం వీఎంలన్నీ లేచాయి, డిస్క్ బాగుంది, నెట్ బాగుంది. ఆ డివైస్ తాకిన ప్రాసెస్ ప్రతీదీ డీ స్టేట్‌లో (డివైస్ జవాబు కోసం ఎదురుచూస్తూ) ఇరుక్కుంది, కిల్ చేసినా చావదు. హోస్ట్ వాళ్లు 'గెస్ట్ సమస్య' అని కాల్ పెట్టేశారు. తెల్లవార్లూ కూర్చున్నది నేను.

రింగ్‌బఫర్_రాజు:
అలా సున్నా ఇవ్వకూడదనే ఎర్రర్ ఇస్తానంటున్నా! మా సీఐలో (ఆటోమేటిక్ టెస్టుల్లో) హైబర్నేట్ టెస్టే లేదు. టెస్ట్ చేయని రీస్టోర్ మా పేరుతో లోపలికి వెళ్తే పేజర్ మోగేది మాకు. ఎర్రర్ ఇస్తే ఎవరూ హైబర్నేట్ చేయరు, ఎవరూ మమ్మల్ని లేపరు.

సుజాత_ఎస్4:
ఇన్ని పోస్టుల తర్వాత అసలు సంగతి చెప్పారు. మీరు నిద్రపోవాలి, కస్టమర్ మాత్రం రాత్రంతా వీఎం ఆన్‌లో ఉంచి బిల్లు కట్టాలి.

టెస్ట్ లేదంటే పెట్టండి. కెర్నల్ ఇచ్చే పీఎం_టెస్ట్ ఫైల్లో 'డివైసెస్' అని రాసి హైబర్నేట్ కొడితే ఫ్రీజ్ దాకా వెళ్లి, 5 సెకన్లు ఆగి వెనక్కి వస్తుంది.

రింగ్‌బఫర్_రాజు:
అందులో ఇమేజ్ రాయదు, చదవదు. అదేం టెస్ట్?

సుజాత_ఎస్4:
అయితే కెర్నల్‌లోని టెస్ట్_రెజ్యూమ్ మోడ్ వాడండి. ఇమేజ్ రాసి, మెషీన్ ఆపకుండా వెంటనే దాన్నే లోడ్ చేసి రీస్టోర్ చేస్తుంది. సీఐలో ఓ జాబ్, అంతే.

రింగ్‌బఫర్_రాజు:
జాబ్ ఫెయిలైతే చూసేదెవరో కూడా చెప్పండి.

పాతసర్వర్:
టెస్ట్_రెజ్యూమ్ మా దగ్గర కనపడట్లేదే. కెర్నల్ 3.10.

సుజాత_ఎస్4:
అది 4.8లో వచ్చింది. కెర్నల్ మార్చండి మహానుభావా.