రిజల్ట్స్ బాగొచ్చినా షేరు ఎందుకు పడింది?

తిరుపతి_కొత్తోడు: అన్నా, లాభం 30 శాతం పెరిగిందని పేపర్లో చూసి సరిగ్గా 9:15కి కొన్నా, మధ్యానానికే 6 శాతం పాయె. మంచి వార్తకి పెరగాల గదా? డివిడెండ్ కూడా ఇస్తారంట, ఇంకొన్ని తీసుకోవాల్నా వద్దా?

మండీ_మామ: పేపర్లో పడినాక కొన్నావా, ఇంకేముంది. దామలచెరువు మండీకి రా ఒకసారి. గుజ్జు ఫ్యాక్టరీ ఈసారి తక్కువ తీసుకుంటాదని టీ అంగట్లో ఒకడు అంటానే తోతాపురి రేటు దిగిపోతాది, పేపరోడు రాసేలోపు మా కాయ లారీ ఎక్కేసుంటాది.

చార్ట్_చిన్నోడు: మామా మామిడికాయలు ఆపు. రిజల్ట్స్ ముందురోజు సాయంత్రమే వచ్చినాయి, 9 గంటల ప్రీ ఓపెన్‌లోనే, అంటే మార్కెట్ తెరవకముందు రేటు కుదిరే వేళలోనే, ఆ వార్త రేట్లోకి ఎక్కేసింది. పైగా జనం 40 శాతం అనుకోనుంటే 30 వచ్చింది, అది చెడ్డ వార్తే. బయటికొచ్చిన సమాచారమంతా రేట్లో ఉంటాదని ఎకనామిక్స్ ప్రొఫెసర్ ఫామా 1970లోనే చెప్పినాడు, 2013లో నోబెల్ ఇచ్చినారు.

లీలామహల్_సెంటర్: అదే నోబెల్ షిల్లర్‌కీ పంచినారు నాయనా, మార్కెట్‌కి పిచ్చి పడతాదన్నోడికి. సగం చదివి రాకండి. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్‌కి నిఫ్టీ 3 శాతం పైన ఎగిరె, 4న దగ్గరదగ్గర 6 శాతం పడె. ఏది నిజం రేటు?

చార్ట్_చిన్నోడు: రెండూ. 3న తెలిసింది పోల్స్, 4న తెలిసింది ఓట్లు.

లీలామహల్_సెంటర్: మరి చంద్రబాబు కుటుంబం పాల కంపెనీ హెరిటేజ్? ఎవురు గెలిచినారో ఒక్కపూటలో ఊరంతా తెలిసిపాయె, షేరు మాత్రం రోజుల తరబడి ఎక్కతానే ఉండె. ఇదేనా నీ ఫామా?

చార్ట్_చిన్నోడు: అప్పర్ సర్క్యూట్, అంటే ఒక్కరోజులో అంతకి మించి పెరగనీయని గీత, అడ్డం పడ్తే ఎట్ల ఎక్కతాది ఒక్కరోజులో? అమ్మేవాడే లేడు! ఇది కూడా తెలీకుండా వచ్చి మాట్లాడతారు.

పాత_బ్రోకరు: 22 ఏండ్లు టెర్మినల్ ముందర కూర్చున్నా, నాకు చెప్పొద్దండి. అన్నీ ముందే లీకు.

చార్ట్_చిన్నోడు: క్వార్టర్ అయిపోయినప్పట్నించి రిజల్ట్స్ వచ్చినాక 48 గంటలదాకా కంపెనీ లోపలోళ్లు ఆ షేరు కొనకుండా అమ్మకుండా ట్రేడింగ్ విండో మూసేస్తారు సామీ.

పాత_బ్రోకరు: బామ్మర్ది స్నేహితుడికి మూస్తారా?

మండీ_మామ: 😂 మా మండీలోనూ వాడే మొదట కొనేది.

తిరుపతి_కొత్తోడు: నా డివిడెండ్ సంగతి ఎవురూ చెప్పలేదే. రికార్డు డేటు, అదే ఎవురి పేరుంటే వాళ్లకి డివిడెండ్ ఇచ్చే రోజు లెక్క, శుక్రవారం, ఆ పొద్దున కొంటే సరిపోతాదా?

పాత_బ్రోకరు: రాదు. ఇప్పుడు టీ+1, కొన్న మర్నాటి ట్రేడింగ్ రోజుకి గాని షేరు నీ ఖాతాలో పడదు, గురువారానికే కొనుండాల. కొన్నా లాభం లేదులే, శుక్రవారం ఆ డివిడెండ్ మేర తగ్గే తెరుస్తాది.

తిరుపతి_కొత్తోడు: మామా, తోతాపురి ఎంతుందిప్పుడు?