వరద తీసింది, అత్తయ్య భయం తియ్యలేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఎలా తేరుకున్నారు?

సింగ్‌నగర్ కోడలు:
2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధి మీద పడ్డప్పుడు డాబా ఎక్కి బతికాం. నీళ్లు తీశాయి, గోడలకు రంగులేయించాం, కొత్త ఫ్రిజ్ కొన్నాం. అత్తయ్య మాత్రం ఇంకా అక్కడే ఉన్నారు. మబ్బు పడితే చాలు, బియ్యం డబ్బా మంచం మీదికెక్కుతుంది. ఆధార్ కార్డు, బీపీ మాత్రల అట్టలు పాలిథిన్ కవర్లో చుట్టి రొంటిన దోపుకుంటారు. రాత్రిళ్లు లేచి గేటు దాకా వెళ్లి, లైటేసి రోడ్డు చూసొస్తారు. అడిగితే "నాకేం రోగం? మోకాళ్ల నొప్పులకి నిద్ర పట్టట్లేదంతే" అంటారు. వయసు డెబ్బై దాటింది. మానసిక వైద్యుల మాటెత్తితే ఇల్లు పీకి పందిరేస్తారు. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా అయిందా?

ఉద్దానం వాసి:
2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా పలాస వైపు కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. మా నాన్నది భయం కాదండీ, దిగులు. పొద్దున్నే వెళ్లి కూలిన చెట్టు మొద్దు మీద కూర్చునేవారు, పిలిస్తే తప్ప అన్నానికి వచ్చేవారు కాదు. పరిహారం వస్తుందిలే అని మేం అంటుండేవాళ్లం. "మళ్లీ మొక్క నాటి, అది కాపుకొచ్చేదాకా నేనుంటానా?" అని మా బావతో అన్నారట, మాతో ఎప్పుడూ అనలేదు. తర్వాత పక్క తోట కుర్రాళ్లు గుంతలు ఎంతెంత ఎడంలో తియ్యాలో అడగడానికి రావడం మొదలెట్టారు. వాళ్లని తిట్టడం మొదలయ్యాక ఆయనకి ఆకలి కూడా వేసింది.

మున్నేటి గట్టు:
అదే రోజు మా ఖమ్మంలో మున్నేరు పొంగింది. మా పెద్దమ్మని వాళ్లబ్బాయి హైదరాబాద్ ఫ్లాటుకి తీసుకెళ్లాడు, ప్రేమతోనే. ఏడో అంతస్తు, నీళ్ల భయం లేదు. లిఫ్టు ఒక్కతే ఎక్కలేదు, పలకరించే మనిషి లేదు. రానురాను మాటలే తగ్గిపోయాయి. పాత పక్కింటావిడ ఫోన్ చేస్తే మాత్రం గంటసేపు పెట్టదు! జపాన్‌లో 2011 సునామీ తర్వాత ఇవానుమాలో పెద్దవాళ్లను పరిశీలించారు. ఇరుగుపొరుగుతో కలిపి ఒకేచోటికి మార్చినవాళ్లు నలుగురితో కలవడం పెరిగింది, విడివిడిగా వెళ్లినవాళ్లకి తగ్గింది. మీ అత్తయ్యని ఎక్కడికైనా మార్చే ఆలోచన ఉంటే ఇది చూసుకోండి.

స్టాఫ్ నర్సు:
మోకాళ్ల నొప్పి సాకు అనుకోకండి. ఈ వయసులో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కనపడదు. ఒళ్లు నొప్పులు, నిద్రలేమి, అన్నం సహించకపోవడం, ఇలా బయటపడుతుంది. ఇంకోటి ముఖ్యం. ఒకటి రెండు రోజుల్లోనే మనుషుల్ని గుర్తుపట్టలేకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వరద భయమని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం వల్ల కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. షాపులో అడిగి నిద్రమాత్రలు తేవద్దు, ఆ మత్తులో లేచి పడితే తుంటి విరుగుతుంది. "పోతే బాగుండు" అని పదేపదే అంటుంటే చాదస్తమని కొట్టిపారేయకండి. మానసిక ఇబ్బందులకి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

దివిసీమ మనవడు:
అన్నిటికీ డాక్టరేనా? 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మా నాయనమ్మకి కౌన్సెలింగ్ ఎవరిచ్చారు? ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ తాటిచెట్టు పట్టుకుని బతికిన సంగతి చెప్పేది. మేం విసుక్కున్నా ఆపేది కాదు. అలా చెప్పుకునే తేలికపడింది.

స్టాఫ్ నర్సు:
చెప్పుకునేవాళ్లని చెప్పనివ్వాల్సిందే, విసుక్కోకుండా. చెప్పలేనివాళ్లని మాత్రం తవ్వి అడగొద్దు. మీ నాయనమ్మ మాటకారి కాబట్టి మీకు తెలిసింది. లోపలే పెట్టుకుని పోయినవాళ్ల సంగతి ఎవరికి తెలుసు?

ఉద్దానం వాసి:
కోడలుగారూ, ఆ పాలిథిన్ కవరు మాత్రం మాన్పించకండి. వానాకాలానికి ఇంటిల్లిపాది కాగితాలూ మందులూ సర్దే పని ఆవిడకే ఒప్పజెప్పండి.

సింగ్‌నగర్ కోడలు:
ఒప్పజెప్పానండీ. అప్పుడే మా ఆయన్ని ఇన్సూరెన్సు కాగితాలేవని నిలదీస్తున్నారు! గేటు దగ్గరికి వెళ్లడం మాత్రం అలాగే ఉంది. 14416కి ఆవిడ చచ్చినా మాట్లాడరు. నేను చేయొచ్చా?

స్టాఫ్ నర్సు:
చేయొచ్చు, ఇంట్లోవాళ్లు కూడా మాట్లాడొచ్చు. ఆవిడ వాడే మాత్రల అట్టలు పక్కన పెట్టుకుని చేయండి, ఏం వాడుతున్నారని అడగొచ్చు.