అప్‌డేట్: ఇన్సూరెన్స్ లేకుండా అమ్మ షుగర్ వైద్యం

పోయిన నెల అడిగాను కదా, అమ్మకు కొత్తగా షుగర్ బయటపడింది, ఇన్సూరెన్స్ లేదు, టెస్టుల చీటీ చూస్తేనే గుండె గుభేలుమంటోంది, ఏం చేయమంటారని. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లమన్నారు, వెళ్లాం.

మధ్యాహ్నం దాకా బెంచీ మీద పడిగాపులు తప్పలేదు. కానీ అక్కడ చూసిన జూనియర్ డాక్టర్ ఆ చీటీ తీసుకుని సగం టెస్టులు పెన్నుతో కొట్టేసింది. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చెప్పేది గత 2, 3 నెలల సగటు చక్కెర, దాన్ని నెలనెలా చేయించడం దండగ అంది. కంటి, కిడ్నీ పరీక్షలు మాత్రం ఏటా మానొద్దని గట్టిగా చెప్పింది.

మందుల సంగతి ఇంకో కథ. మేం కొంటున్న బ్రాండ్ అట్ట తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ అని ఉంది, డాక్టర్‌ని అడిగి అదే మందు జెనరిక్‌కి (కంపెనీ బ్రాండ్ పేరు లేకుండా అమ్మేది) మారాం, ఖర్చు బాగా తగ్గింది. (ఇన్నాళ్లూ ఆ అట్ట తిప్పి చూడనందుకు నన్ను నేనే తిట్టుకున్నా.)

మొదట వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు అడిగితే ఒకే టెస్టు రెండుసార్లు వేసినట్టు తేలింది, తీసేశారు. అడక్కపోతే అంతే మరి! మిగతాది వాయిదాల్లో కడుతున్నాం, ఇంకా రెండున్నాయి.